చికాగోలో పొద్దు లెక్క: డిసెంబరు 21 రాకముందే సాయంత్రాలు పొడుగవడం ఎందుకు మొదలవుతుంది?

ప్రశ్న అడిగినవారు: కిటికీ పక్క కుర్చీ

అందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విరమించిన ఉపాధ్యాయినిని. అక్టోబరు చివర్లో మా అబ్బాయి దగ్గరికి చికాగో పడమటి శివారుకు వచ్చాను, మార్చి నెలాఖరుకు తిరిగి వెళ్ళిపోతాను. అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకు, మనవరాలు బడికి వెళ్ళాక ఇల్లంతా నాదే. ఈ చలిలో గడప దాటే ధైర్యం లేక, దక్షిణం వైపున్న వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఎండను గమనించడమే పనిగా పెట్టుకున్నాను. అలా చూడగా చూడగా మూడు సందేహాలు పుట్టాయి. సైన్సు పాఠాలు పదో తరగతితోనే వదిలేసినదాన్ని కనుక కాస్త విడమరిచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వచ్చిన కొత్తలో సాయంత్రం ఆరు కావస్తుండగా సందెదీపం పెట్టేదాన్ని. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడివాళ్ళు గడియారాలను గంట వెనక్కి తిప్పారు. ఆ రోజు నుంచి పావుతక్కువ ఐదుకే పొద్దుగూకడం మొదలైంది. మా ఊళ్ళో ఆ వేళకు సాయంత్రపు టీ నీళ్ళు కూడా పొయ్యెక్కవు. ఆ వింత చూసి, ఫోనులో చికాగో నగరానికి చూపించే ఉదయాస్తమయ వేళలను ఒక నోటు పుస్తకంలో రోజూ రాసుకుంటూ వచ్చాను.

డిసెంబరు 21న పగలు అన్నిటికంటే చిన్నదని బడిలో పిల్లలకు నేనూ చెప్పినదాన్నే. అది నిజమే అయింది: ఆ రోజు సూర్యుడు ఉదయం 7:15కు వచ్చి సాయంత్రం 4:23కు వెళ్ళిపోయాడు, పగలు 9 గంటల 8 నిమిషాలే. అయితే అన్నిటికంటే తొందరగా చీకటి పడింది మాత్రం ఆ రోజు కాదు. డిసెంబరు 8 ప్రాంతంలోనే 4:20కు అస్తమించాడు, ఆ తర్వాత సాయంత్రాలు మెల్లమెల్లగా సాగుతూనే వచ్చాయి. పొద్దుపొడుపేమో డిసెంబరు 21 దాటినా ఆలస్యమవుతూనే పోయి, జనవరి 3 ప్రాంతంలో 7:18 దగ్గర ఆగి, అప్పుడు వెనక్కి మళ్ళింది. పగలు ఒక్కటే అయినప్పుడు దాని రెండు కొసలూ వేర్వేరు రోజుల్లో మలుపు తిరగడం ఏమిటన్నది నా మొదటి సందేహం.

రెండోది నేను చేసిన ఒక పిల్లచేష్టకు సంబంధించింది. కిటికీ అద్దం మీద నేలకు సుమారు మీటరు ఎత్తున ఒక బొట్టుబిళ్ళ అంటించి, దాని నీడ నేల మీద ఎక్కడ పడుతుందో చూద్దామనుకున్నాను. అంత దూరం వచ్చేసరికి ఆ నీడ కరిగిపోయి ఆనవాలే దొరకలేదు. అప్పుడు పర్సులో ఉన్న పది రూపాయల బిళ్ళ తీసి టేపుతో అంటించాను. దానికి అంచులు మసకగా ఉన్నా ఒక గుండ్రటి నీడ వచ్చింది. ప్రతి ఆదివారం ఫోను గడియారంలో సరిగ్గా పన్నెండు కాగానే ఆ నీడ పడినచోట చిన్న టేపు ముక్క అతికించి తేదీ వేశాను. ఈ ఊరి మబ్బు మూలంగా పద్నాలుగు ఆదివారాలకు ఎనిమిది గుర్తులే దొరికాయి. చలి ముదిరేకొద్దీ నీడ గది లోపలికి జరిగి, డిసెంబరు చివరికి మొదటి గుర్తు నుంచి మూరెడు పైగా లోపలికి పోయి, మళ్ళీ కిటికీ వైపు వెనక్కి వస్తున్నది. ఇంతవరకు నాకు అర్థమైంది. కానీ వెనక్కి వచ్చేటప్పుడు వెళ్ళిన దారినే రావడం లేదు. నవంబరు గుర్తులు తూర్పు పక్కన ఉంటే ఫిబ్రవరి గుర్తులు వాటికి జానెడు పడమరగా పడుతున్నాయి. నేను కుర్చీ జరిపానేమో కాని కిటికీని జరపలేదు కదా!

మూడోది రాహుకాలం. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అని గుంటూరులో అలవాటు. అక్కడి నుంచి మా అక్క ఫోను చేసి, ఇక్కడా అదే పాటించమంటుంది. జనవరి మొదట్లో ఏడున్నరకు ఇక్కడ సూర్యుడు లేచి పన్నెండు నిమిషాలే అవుతుంది. మరి ఏది పాటించాలి?

జవాబు: తొలకరి

అమ్మా, చలికాలంలో భూమి సూర్యుడికి దూరంగా పోతుంది, అందువల్లనే చలీ, అందువల్లనే చిన్న పగలూ. ఫోనులో చూపే వేళలు సుమారుగా వేసినవి అయి ఉంటాయి కాబట్టి రెండు మూడు నిమిషాల తేడాలను అంతగా పట్టించుకోనక్కరలేదు. పగటి కొసలు రెండూ ఒకే రోజు మళ్ళి తీరాలి.

జవాబు: మిచిగన్ గట్టు

తొలకరి గారు చెప్పినదాంట్లో రెండు మాటలూ సరికావు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనే. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. చికాగో గడ్డకట్టే రోజుల్లోనే మనం సూర్యుడికి దగ్గరగా ఉన్నామన్నమాట. ఫోను వేళలు కూడా పక్కా లెక్కలే. టీచరుగారు రాసుకున్న అంకెలు నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో చూస్తున్నవే.

టీచరుగారూ, మీ మొదటి రెండు సందేహాలకూ జవాబు ఒక్కటే కాబట్టి కలిపి చెబుతాను. పగటి పొడవు మారడం ఒక సంగతి, పగటి నడిమిభాగం గడియారంలో జరగడం మరొక సంగతి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ముడి విడిపోతుంది.

పొడవుకు కారణం భూమి ఇరుసు దాదాపు 23.4 డిగ్రీలు వాలి ఉండటమూ, మనం ఉన్న అక్షాంశమూ. గుంటూరు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చికాగో 41.9 దగ్గర ఉంది. గుంటూరులో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 6 నిమిషాలు, అతి చిన్నది సుమారు 11 గంటల 9 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటల లోపే. చికాగోలో జూన్ పగలు 15 గంటల 14 నిమిషాలకు సాగి డిసెంబరులో 9 గంటల 8 నిమిషాలకు కుదించుకుపోతుంది కాబట్టి తేడా ఆరు గంటలు దాటుతుంది. మార్చి 20 ప్రాంతంలో గుంటూరు పగలు రోజుకు 55 సెకన్ల లెక్కన పెరిగితే, ఇక్కడ 2 నిమిషాల 50 సెకన్ల లెక్కన పెరుగుతుంది. మీరు వెళ్ళిపోయే లోపు చూస్తారు, వారం తిరిగేసరికి ఇరవై నిమిషాల వెలుగు అదనంగా చేతికొస్తుంది. డిసెంబరు 21కి అటూ ఇటూ మాత్రం పొడవు దాదాపు కదలదు. ఊయల ఒక కొస దాకా వెళ్ళి తిరగబోయే ముందు ఒక్క క్షణం ఆగినట్టుగా ఉంటుంది.

ఇక నడిమిభాగం. సూర్యుడు సరిగ్గా దక్షిణాన నిలిచే క్షణాన్ని మిట్టమధ్యాహ్నం అంటాం. గడియారం ప్రతి రోజునూ సరిగ్గా 24 గంటలుగా కొలుస్తుంది, సూర్యుడు కొలవడు. ఒక మిట్టమధ్యాహ్నం నుంచి మరుసటి మిట్టమధ్యాహ్నం దాకా సెప్టెంబరు మధ్యలో 24 గంటలకు ఇరవై సెకన్ల పైచిలుకు తక్కువ పడుతుంది, డిసెంబరు చివర్లో ముప్పై సెకన్లు ఎక్కువ పడుతుంది. దీనికి కారణాలు రెండు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉన్న రోజుల్లో కక్ష్యలో వేగంగా కదులుతుంది కాబట్టి, సూర్యుడిని మళ్ళీ దక్షిణానికి తెచ్చుకోవడానికి తన చుట్టూ తాను కాస్త ఎక్కువ తిరగాలి. దీనికి తోడు, ఇరుసు వాలు మూలంగా అయనాంతాల దగ్గర, అంటే డిసెంబరు 21, జూన్ 21 ప్రాంతాల్లో, సూర్యుడి కదలిక భూమధ్యరేఖకు సమాంతరంగా పడుతుంది, దానివల్ల కూడా రోజు సాగుతుంది. డిసెంబరులో ఈ రెండు కారణాలూ ఒకే వైపు లాగుతాయి.

ఇప్పుడు మీ నోటు పుస్తకం తెరవండి. డిసెంబరు 8న పగలు రోజురోజుకూ తగ్గుతోంది. ఒక్కొక్క కొస దాదాపు 27 సెకన్లు లోపలికి వస్తోంది. అదే సమయంలో పగలంతా కలిసి దాదాపు 27 సెకన్లు ఆలస్యం వైపు జరుగుతోంది. సాయంత్రపు కొసలో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ లాగి రద్దవుతాయి కాబట్టి అస్తమయం నిలిచిపోతుంది. పొద్దుటి కొసలో రెండూ ఒకే వైపు లాగుతాయి కాబట్టి ఉదయం రోజుకు దాదాపు నిమిషం ఆలస్యమవుతుంది. డిసెంబరు 21 నాటికి పొడవు మారడం ఆగినా జరగడం ఆగదు, అందుకే ఆ రోజు రెండు కొసలూ అర నిమిషం చొప్పున ఆలస్యం వైపే పోతాయి. జనవరి 3 నాటికి పగలు పెరిగే వేగం ఆ జరుగుడుకు సమానమై పొద్దున్న నిలిచిపోతుంది, సాయంత్రం రోజుకు దాదాపు నిమిషం చొప్పున సాగుతుంది. జూన్‌లో పై రెండు కారణాలు ఒకదానికొకటి ఎదురు లాగడం వల్ల జరుగుడు సగానికి తక్కువే ఉంటుంది. కనుక అతి త్వరగా తెల్లవారే రోజు జూన్ 15 ప్రాంతంలోనూ, అతి ఆలస్యంగా పొద్దుగూకే రోజు జూన్ 27 ప్రాంతంలోనూ, అంటే కాస్త దగ్గరదగ్గరగా పడతాయి.

ఈ వింత మన ఊళ్ళో లేదనుకునేరు. అక్కడ ఇంకా ఎక్కువగా ఉంది. గుంటూరులో పగటి పొడవు నెమ్మదిగా మారుతుంది కనుక ఈ జరుగుడుదే పైచెయ్యి. అక్కడ అతి త్వరగా చీకటి పడే రోజు నవంబరు 20–25 మధ్యనే వచ్చిపోతుంది, అతి ఆలస్యంగా తెల్లవారే రోజు జనవరి 20 ప్రాంతంలో గాని రాదు. సంక్రాంతి వెళ్ళాక కూడా తెల్లవారకుండా సతాయిస్తోందని మా నాన్నగారు విసుక్కునేవారు. ఆయన విసుగుకు ఖగోళంలో ఆధారం ఉందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

మీ పది రూపాయల బిళ్ళ ఈ జరుగుడునే నేల మీద రాసి పెట్టింది. నవంబరు రెండో ఆదివారం నాడు చికాగోలో మిట్టమధ్యాహ్నం గడియారంలో సుమారు 11:34కే అయిపోతుంది. మీరు పన్నెండుకు చూసేసరికి సూర్యుడు పడమటికి వాలి ఉంటాడు, నీడ తూర్పుగా పడుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో మిట్టమధ్యాహ్నం 12:05కు గాని కాదు, అప్పుడు నీడ రవ్వంత పడమరకు పడుతుంది. మీరు ఉన్న శివారులో రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి గాని కథ మారదు. మీటరు ఎత్తున్న బిళ్ళకు లెక్కగట్టి చూశాను, అడ్డం మీద తేడా సుమారు 23 సెంటీమీటర్లు వచ్చింది. మీరు రాసిన జానెడు సరిగ్గా అంతే. ఇలా ఏడాది పొడవునా గుర్తులు పెడితే నేల మీద 8 అంకె లాంటి బొమ్మ తేలుతుంది, దాన్ని అనలెమ్మా అంటారు. మీరు పిల్లచేష్ట అన్నారు గాని, ఆ బొమ్మలో చలికాలపు మెలిక ఇప్పటికే మీ వంటింట్లో ఉంది.

లోపలికి మూరెడు పోవడానికి కారణం డిసెంబరులో ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా 25 డిగ్రీల ఎత్తు దాటకపోవడం. గుంటూరులో అదే రోజు 50 డిగ్రీలు ఎక్కుతాడు, ఏడాదికి రెండుసార్లు నడినెత్తికే వస్తాడు. చికాగోలో నడినెత్తి మీది సూర్యుడన్న మాటే లేదు. జూన్‌లో కూడా 71, 72 డిగ్రీల దగ్గర ఆగిపోతాడు.

ఒక చిన్న పక్కదారి. ఈ నగరపు వీధులు తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు గీత గీసినట్టు ఉంటాయి. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా పడమటి వీధి చివర, ఆకాశహర్మ్యాల నడుమ అస్తమిస్తాడు. ఆ సాయంత్రాల్లో జనం రోడ్డు దాటే చోట నిలబడి ఫొటోలు తీసుకుంటారు, దాన్ని చికాగోహెంజ్ అంటారు. మీ ప్రయాణానికి ముందే వస్తుంది కాబట్టి మబ్బు లేకపోతే అబ్బాయిని తీసుకెళ్ళమనండి. ఆ రోజున పగలూ రాత్రీ సమానమని పుస్తకాల్లో ఉంటుంది గాని, మీ నోటు పుస్తకంలో పగలు 12 గంటల 9 నిమిషాల దగ్గర తేలుతుంది. బింబం పై అంచు కనిపించగానే ఉదయమని లెక్కవేయడమూ, గాలి పొర వెలుగును వంచి అంచు కింద ఉన్న సూర్యుడిని కూడా పైకెత్తి చూపడమూ ఆ తొమ్మిది నిమిషాలకు కారణం.

జవాబు: ఘడియ విఘడియ

రాహుకాలం సంగతి నేను చెబుతాను. పంచాంగ గణితం నాకు వ్యాపకం. మా ఊరి గుడిలో అడిగినవారికి వేళలు కట్టి ఇస్తుంటాను.

రాహుకాలమంటే గంటన్నర అని శాస్త్రం ఎక్కడా కట్టడి చేయలేదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారం నాడు రెండో భాగాన్ని, శనివారం మూడో భాగాన్ని, శుక్రవారం నాలుగో భాగాన్ని, ఇలా వారాన్ని బట్టి ఒక్కొక్క భాగాన్ని రాహుకాలమంటారు. ఉదయం ఆరుకు తెల్లవారి సాయంత్రం ఆరుకు పొద్దుగూకే పన్నెండు గంటల పగటికి ఒక్కో భాగం గంటన్నర వస్తుంది, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అవుతుంది. మన ప్రాంతంలో పగలు పన్నెండు గంటలకు అటూ ఇటూ సుమారు గంటకు మించి పోదు కాబట్టి ఆ అంకెలు నోటికి పట్టి క్యాలెండర్లకు ఎక్కిపోయాయి. చికాగోలో డిసెంబరు 21 నాటి పగటిని ఎనిమిది చేస్తే ఒక్కో భాగం గంటా ఎనిమిదిన్నర నిమిషాలే. ఆ రోజుల్లో సోమవారపు రాహుకాలం సుమారు 8:24 నుంచి 9:32 దాకా. జూన్‌లో ఒక్కో భాగం గంటా 54 నిమిషాలకు సాగి, సోమవారం 7:09 నుంచి 9:03 దాకా అవుతుంది. మీ అక్కగారి మాటను తీసిపారేయవద్దు గాని, ఆ అంకెలు ఆమె ఊరి సూర్యుడివని చెప్పండి.

ఘడియల్లో చూస్తే తేడా ఇంకా బాగా కంటికి కనబడుతుంది. ఒక ఉదయం నుంచి మరో ఉదయానికి 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. గుంటూరులో పగటి ప్రమాణం ఏడాదిలో సుమారు 28 నుంచి 33 ఘడియల మధ్య ఊగుతుంది. చికాగోలో 23 ఘడియల లోపు నుంచి 38 ఘడియల దాకా ఊగుతుంది. వేదాంగ జ్యోతిషమనే ప్రాచీన గ్రంథంలో అతి చిన్న పగలు 12 ముహూర్తాలు (ముహూర్తమంటే రెండు ఘడియలు), అతి పెద్దది 18 ముహూర్తాలు అని లెక్క ఉంది. మూడుకు రెండు అనే ఆ పాళ్ళు సుమారు 35 డిగ్రీల అక్షాంశానికి సరిపోతాయి గాని మన తెలుగు నేలకు అతకవు. చికాగో ఆ లెక్కను కూడా దాటిపోయి, ఐదుకు మూడు పాళ్ళ దాకా వెళుతుంది. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని మనవాళ్ళు రెండు గంటల తేడాకే అన్నారు, ఇక్కడ పుట్టినవాళ్ళయితే ఇంకేమనేవారో!

మీరు అడగకపోయినా మరొకటి చెబుతాను, పండుగల ముందు అందరూ అడిగేది ఇదే. తిథి మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, మారేది ఆ క్షణానికి మన గడియారం చూపే వేళా, మన సూర్యోదయమూ. చలికాలంలో ఏకాదశి మన దేశంలో మంగళవారం ఉదయం 10కి మొదలై బుధవారం ఉదయం 9కి ముగిసిందనుకుందాం. గుంటూరులో బుధవారం సూర్యోదయానికి ఏకాదశి ఉంది కాబట్టి అక్కడ సాధారణంగా బుధవారమే ఏకాదశి. చికాగో గడియారం పదకొండున్నర గంటలు వెనక కాబట్టి అదే తిథి ఇక్కడ సోమవారం రాత్రి 10:30కు మొదలై మంగళవారం రాత్రి 9:30కు ముగుస్తుంది, మంగళవారం సూర్యోదయమే దాని చేతికి చిక్కుతుంది. ఇక్కడివాళ్ళు ఒక రోజు ముందుగా చేసుకుంటున్నారని బంధువులు ఫోనులో నొచ్చుకోవడం నేను చాలాసార్లు విన్నాను. పొరపాటు ఎవరిదీ కాదు.

దీపం సంగతి అంటారా, అస్తమయం చూసే పెట్టండి, గడియారం చూసి కాదు. ఇక్కడ సూర్యుడు నేలకు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అస్తమించాక కూడా అరగంట దాకా వెలుగు నిలుస్తుంది. మన దగ్గర ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలకే మసకబారిపోతుంది. ఒక పది నిమిషాలు ఆలస్యమైనా సందె దాటిపోయిందని కంగారుపడనక్కరలేదు.

జవాబు: సరిహద్దు గడియారం

పై ఇద్దరూ బాగా చెప్పారు గాని గడియారం వంతు కాస్త తక్కువ పడిందని నాకనిపిస్తోంది. నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను. మాకు డిసెంబరు 21న తెల్లవారేది సుమారు 7:58కి, పొద్దుగూకేది సుమారు 5:02కి. బోస్టన్ కూడా దాదాపు మా అక్షాంశం మీదే ఉంది, పగటి పొడవు నిమిషం అటూ ఇటూ అంతే. కానీ అక్కడ 7:10కే తెల్లవారి 4:15కే చీకటి పడుతుంది. పొద్దు అంతే, గడియారమే వేరు. రెండు ఊళ్ళూ ఒకే తూర్పు కాలమండలంలో, అంటే గడియారాలు ఒకే వేళ చూపే ప్రాంతంలో, ఉన్నా మధ్య పన్నెండు డిగ్రీల రేఖాంశం ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన 48 నిమిషాలు. చికాగోలో నాలుగింటికే చీకటని విసుక్కునేవారు, తమ ఊరు మధ్య కాలమండలానికి తూర్పు అంచున ఉండటం కూడా అందుకు ఒక కారణమని గమనించాలి. ఆ మండలపు మూలరేఖ 90 డిగ్రీల పడమటి రేఖాంశం, చికాగో ఉన్నది 87.6 దగ్గర. అంటే సగటున తొమ్మిదిన్నర నిమిషాలు ముందే పొద్దు వాలిపోతుంది.

విశేషం ఏమిటంటే ఈ కాలమండలాల ఒప్పందం జరిగిందే చికాగోలో. 1883 అక్టోబరులో రైల్వే కంపెనీల ప్రతినిధులు అక్కడి గ్రాండ్ పసిఫిక్ హోటల్లో సమావేశమై తీర్మానించారు, అదే ఏడాది నవంబరు 18న దేశమంతటా రైల్వే గడియారాలు కొత్త కాలానికి మారాయి. అంతకు ముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. 1918లో గాని ఇది చట్టం కాలేదు. మా డెట్రాయిట్ 1915లో మధ్య కాలం వదిలి తూర్పు కాలంలో చేరింది. చికాగో కూడా 1936 మార్చి 1న తూర్పు కాలానికి మారి చూసి, నవంబరు 15న మళ్ళీ మొదటికి వచ్చింది.

ఏడాదంతా గంట ముందుకు తిప్పిన వేసవి గడియారమే ఉంచితే సాయంత్రం వెలుగుంటుంది కదా అని ప్రతి నవంబరులోనూ ఎవరో ఒకరు అంటారు. 1974 జనవరి 6 నుంచి దేశమంతా అదే చేసి చూశారు. టీచరుగారి నోటు పుస్తకంలోని 7:18కి గంట కలపండి, చికాగోలో 8:18కి తెల్లవారుతుంది. పిల్లలు చిమ్మచీకట్లో బడిబస్సు కోసం నిలబడవలసి వచ్చింది, తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, ఆ అక్టోబరు చివరికల్లా వెనక్కి తీసుకున్నారు. నా మట్టుకు నాకు ఇప్పుడున్న పద్ధతే నయమనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఇంట్లో వాళ్ళతో ఫోను వేళలు తారుమారు కావడం తప్ప పెద్ద కష్టమేమీ లేదు.

జవాబు: తొలకరి

దూరం సంగతి నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి అలాగే అనుకుంటున్నాను. అయితే ఒక అనుమానం మిగిలింది. జనవరిలో సూర్యుడికి దగ్గరగా ఉంటే ఆ దగ్గరతనం వల్ల చలి ఎంతో కొంత తగ్గాలి కదా?

జవాబు: మిచిగన్ గట్టు

తగ్గుతుంది. జులైతో పోలిస్తే జనవరిలో భూమికి అందే ఎండ దాదాపు ఏడు శాతం ఎక్కువ. కానీ చికాగో నేల మీద పగలు తొమ్మిది గంటలకు కుదించుకుపోయి, ఆ తొమ్మిది గంటలూ ఎండ ఏటవాలుగా పడి పలచబడినప్పుడు ఆ ఏడు శాతం ఏ మూలకూ చాలదు. టీచరుగారి బిళ్ళ నీడ డిసెంబరులో రెండు మీటర్లు దాటి పడింది కదా, ఎండ కూడా నేల మీద అలాగే సాగి పలచనవుతుందని ఊహించుకోండి.

జవాబు: కిటికీ పక్క కుర్చీ

మీ అందరికీ కృతజ్ఞతలు. మిచిగన్ గట్టు గారు చెప్పిన 27 సెకన్ల లెక్కను నోటు పుస్తకంలో వేసి చూశాను. డిసెంబరు మొదటి పక్షంలో పొద్దున్న రోజుకు నిమిషం చొప్పున జారడమూ, సాయంత్రం 4:20 దగ్గరే పది రోజుల పాటు అతుక్కుపోవడమూ కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. నా రాతలో తప్పు దొర్లిందనుకుని అప్పట్లో ఆ అంకెలను రెండుసార్లు కొట్టివేసి మళ్ళీ రాశాను కూడా.

మా అక్కకు రాహుకాలం లెక్క చెప్పాను. కాసేపు ఊరుకుని, అయితే ఆషాఢంలో మీకు దాదాపు రెండు గంటల రాహుకాలమా, పాపం, అంది.

ఇంకొక్క సందేహం. నేను వెళ్ళిపోయాక మిగతా గుర్తులు పెట్టే పని మనవరాలు తీసుకుంటానంటోంది. వేసవిలో కూడా ఈ కిటికీలో నీడ దొరుకుతుందా?

జవాబు: మిచిగన్ గట్టు

అమ్మా, మనవరాలికి రెండు సంగతులు చెప్పి వెళ్ళండి. మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు తిప్పుతారు. ఆ రోజు నుంచి పన్నెండుకు కాదు, ఒంటిగంటకు గుర్తు పెట్టాలి. లేకపోతే నీడ ఒక్కసారిగా పడమరకు దూకి బొమ్మ చెడిపోతుంది. రెండోది, జూన్ నాటికి సూర్యుడు బాగా ఎత్తుకు పోతాడు కాబట్టి మీటరు ఎత్తున్న బిళ్ళ నీడ కిటికీకి ముప్పై మూడు సెంటీమీటర్ల దూరంలోనే పడుతుంది. గోడ మందమో, బయటి చూరో అడ్డం వస్తే అసలు పడకపోవచ్చు. కిటికీ కింద వంటగట్టు ఉంటే నేల మీద కాకుండా దాని మీదే పడుతుంది. అప్పుడు ఎత్తు తేడాకు తగ్గట్టు లెక్క సరిచేసుకోవాలి, ఆ లెక్క నేను వేసి పెడతాను.

జవాబు: కిటికీ పక్క కుర్చీ

వంటగట్టు ఉంది బాబూ, దాని మీద మా కోడలి కాఫీ యంత్రం ఉంది. మార్చి రెండో ఆదివారం నుంచి ఒంటిగంట అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. కాఫీ యంత్రాన్ని మే నెలకల్లా పక్కకు జరుపుతానని కోడలు మాట ఇచ్చింది. బిళ్ళను మాత్రం అద్దానికే వదిలేసి వెళుతున్నాను.